డబ్బా తీయను

"సాయంత్రంలోగా ఆ డబ్బా ఊడిపోవాలి" అన్నాడు షెడ్డు ఇన్‌ఛార్జి.

"ఊడదు సార్. నాలుగు బోల్టులేసి బిగించాను" అంది అక్క.

పక్కనే టైరుకి గాలి కొడుతున్న పొడుగు డ్రైవరు నవ్వు ఆపుకోలేక టైరు వెనక తల దాచుకున్నాడు. అక్క మాత్రం నవ్వించడానికి అన్లేదు. వ్యాను బానెట్ ఎత్తి ఉంది. ఆవిడ అరచెయ్యి ఆ స్టీలు డబ్బా మీద ఉంది. నిద్రపోతున్న పిల్లాడి మీద తల్లి చెయ్యి వేస్తుంది చూడండి, అలాగ.

నేను డయాలిసిస్ వార్డులో నర్సుని. పేషెంట్ల జాబితా పట్టుకుని వ్యాను ఎక్కబోతూ ఈ మాటలు విన్నాను. తర్వాత జరిగినదంతా కళ్ళారా చూశాను. చూడని నాలుగు ముక్కలు అక్కే చెప్పింది. ఆరేళ్ళయింది. షెడ్డులో ఆ కథ ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతుంటే విని విని, ఇక నేనే రాద్దామని కూర్చున్నాను.

మా ఆసుపత్రి కొండ కింద ఉంది. కిడ్నీ పేషెంట్లలో సగం మంది కొండ మీది ఊళ్ళో ఉంటారు. వారానికి మూడు రోజులు పద్నాలుగు సీట్ల డీజిల్ వ్యాను ఉదయం వాళ్ళని కిందకి తెచ్చి, మిషన్ మీద రక్తం శుద్ధి అయ్యాక సాయంత్రం మళ్ళీ పైకి చేరుస్తుంది. ఇరవై ఆరు కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. చలికాలం నాలుగు గంటలకే పొగమంచు దిగిపోతుంది. ఆ వ్యాను నడిపేది అక్క. పదకొండు మంది డ్రైవర్లలో ఆడమనిషి ఆవిడొక్కతే.

ఆవిడ తండ్రి లారీ మెకానిక్. బడి నుంచి రాగానే లారీ కింద దూరేదట. తండ్రి చెయ్యి చాపితే అడక్కుండానే సరైన సైజు పానా ఆ చేతిలో పెట్టేదట. పెళ్ళిచూపుల్లో గోళ్ళ చివర నలుపు చూసి ఇద్దరు పెళ్ళికొడుకులు మంచినీళ్ళైనా తాగకుండా లేచారు. మూడో ఆయన చిల్లులు పడిన పాత్రలకి మాట్లు వేసే మనిషి. తన గోళ్ళు చాపి చూపించి, "నావీ అంతే" అన్నాడు. ఆయన్నే చేసుకుంది.

ఆసుపత్రిలో చేరిన మొదటిరోజు గేటు దగ్గర ఎవరో, "వంటగది అటు" అని దారి చూపించారట.

"వంట మా ఆయన చేస్తాడు. బండి ఎక్కడ?" అందట అక్క.

ఇక డబ్బా సంగతి.

ఆ వ్యాను ఆ ఏడాది రెండుసార్లు ఎక్కుడులో ఆగిపోయింది. నల్లటి పొగ చిమ్మి, ముక్కుతూ మూలుగుతూ రెండో గేరులో కొంత దూరం ఎక్కి, ఇక నావల్ల కాదన్నట్టు నిలబడిపోయేది. రెండోసారి ఆగినప్పుడు లోపల తొమ్మిది మంది ఉన్నారు. వాళ్ళలో లెక్కల మాస్టారు ఒకరు. రిటైరై పన్నెండేళ్ళయిన పెద్దాయన. ఆ రోజు మిషన్ మీద ఉండగానే ఆయన బీపీ పడిపోయింది. వేరే బండి వచ్చేసరికి మూడు గంటలు పట్టింది. నా స్వెట్టరు, అక్క కోటు, రెండు దుప్పట్లు కప్పినా ఆయన పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. అంతలోనూ, "మూడు గంటలంటే నూట ఎనభై నిమిషాలు, నిమిషానికి ఒకసారి వణికినా పెద్ద లెక్కేం కాదు" అని మమ్మల్ని నవ్వించబోయారు. అక్క నవ్వలేదు. ఒకసారి ఆయన చెయ్యి పట్టుకు చూసి, తర్వాత స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తూ కూర్చుంది.

మర్నాడు ఇంజనుకి గాలి వెళ్ళే గొట్టం విప్పి నన్ను పిలిచింది. "చూడు సిస్టరమ్మా, నీకు తెలిసిన జబ్బే."

లోపల నల్లగా, తారులా, ముద్దగా పేరుకుపోయి ఉంది. నాలుగు వేళ్ళు పట్టాల్సిన దారిలో బొటనవేలు మాత్రమే పడుతోంది. నిజమే, నాకు తెలిసిన జబ్బే. రక్తనాళాల్లో చూస్తూనే ఉంటాం.

అది ఎలా వస్తుందో అక్క నాకు రెండు ముక్కల్లో చెప్పింది. ఇంజను లోపల మంట మండినప్పుడల్లా కొంచెం పొగ పిస్టన్ల పక్కనుంచి కిందకి జారిపోతుంది. అక్కడే ఉంచితే లోపల ఒత్తిడి పెరిగి సీళ్ళు పగులుతాయి. అందుకని దాన్ని బయటికి లాగి, మళ్ళీ ఇంజను పీల్చే గాలిలోనే కలిపేలా ఒక రబ్బరు పైపు పెడతారు. ఆ పొగతో పాటు నూనె తుంపర కూడా పోతుంది. ఆ నూనెకి మసి అంటుకుంటే ఈ తారు తయారవుతుంది. బండి కొత్తగా ఉన్నప్పుడు తుంపర తక్కువ, పాతబడేకొద్దీ ఎక్కువ. షెడ్డులో ఆ గొట్టం విప్పి కడిగేవాళ్ళు. నాలుగు నెలలకి మళ్ళీ అంతే.

"ఆ పైపు మధ్యలో ఒక డబ్బా పెడితే చాలు" అంది అక్క. "నూనె డబ్బాలో పడిపోతుంది. పొగ ఒక్కటే ముందుకెళ్తుంది. ఆయిల్ క్యాచ్ క్యాన్ అని బజార్లో అమ్ముతారు. పోయినేడే రాసిచ్చాను, కొనమని."

"ఏమన్నారు?"

"బండి పాతది, అంతే, అన్నారు. నేనూ పాతదాన్నే. నన్నూ కొండ మీద వదిలేస్తారా?"

ఆ వారమే అక్కవాళ్ళ అత్తగారి మూత డబ్బా కనపడకుండా పోయింది. గట్టి స్టీలు, మూత తిప్పితే నీటిబొట్టు కారదు. అత్తగారు అలమరలన్నీ వెతికి, చివరికి కొడుకు మాట్లు వేసే కొట్టుకెళ్తే, కొడుకూ కోడలూ దానికి రంధ్రాలు పెడుతూ దొరికిపోయారు.

"ఒసే, అది నా పెళ్ళినాటి డబ్బా!"

"మీ పెళ్ళికి స్టీలు డబ్బాలెక్కడివి అత్తయ్యా? నేను వచ్చాకే కొన్నారు."

"అయితే మాత్రం!"

మొదటి ప్రయత్నం బెడిసికొట్టింది. ఈ సంగతి అక్క ఎప్పుడూ దాచలేదు. తుంపర బాగా పట్టుకోవాలని డబ్బా నిండా అంట్లు తోమే స్టీలు పీచు కూరేసింది. ఆదివారం ఖాళీ వ్యానుతో కొండెక్కి చూస్తే సగం దారిలో కాలిన నూనె వాసన. బానెట్ ఎత్తితే, ఆయిల్ మట్టం చూసే పుల్ల తన గొట్టంలోంచి నాలుగంగుళాలు పైకి లేచి ఉంది, ఇంజను మీదంతా నూనె చిమ్మి ఉంది. పొగ పోవడానికి దారి లేక వెనక్కి తన్నింది. తప్పు తనదే. అక్కడే డబ్బా విప్పి పాత పైపు తగిలించి, కిందకి దిగి, చీకటి పడేలోపు ఇంజనంతా తుడిచింది.

రెండోసారి తొందరపడలేదు. వాళ్ళాయన డబ్బా లోపల రంధ్రాల రేకులు రెండు, ఒకదాని కింద ఒకటి మాటేసి పెట్టాడు. పీచు పిడికెడే, అది కూడా రెండు రేకుల మధ్యే, ఒక్క పోగు కూడా ఇంజన్లోకి పోకుండా. పొగ వచ్చే గొట్టం లోపల కిందదాకా దిగింది, పోయే గొట్టం పైన మూత దగ్గరే ఆగింది. అడుగున చిన్న కుళాయి. పైపులు నూనె తట్టుకునే రకం. డబ్బాని ఇంజను మీద కాకుండా బ్యాటరీ పక్కన బాడీకి బిగించింది. ఇంజను మీదయితే ఆ అదురుకి మాట్లు ఊడిపోతాయి. పొగగొట్టానికి దూరంగా పెట్టింది, వేడి తగిలితే నూనె మళ్ళీ ఆవిరవుతుంది. ఇంజను నుంచి డబ్బాకి పైపు వాలుగా, మడత పడకుండా తెచ్చింది. వరసగా మూడు ఆదివారాలు ఖాళీ బండి తిప్పాకే పేషెంట్లని ఎక్కించింది.

మొదటిసారి కుళాయి విప్పి సీసాలోకి పట్టినప్పుడు మాస్టారూ నేనూ చూస్తున్నాం. గోధుమరంగులో, చిక్కగా, నురగతో కారింది.

"ఇదేంటమ్మా, టీలా ఉంది?" అన్నారు మాస్టారు.

"చలికి ఆవిరి నీళ్ళయి నూనెతో కలిసింది మాస్టారూ. ఇన్నాళ్ళూ ఇది ఇంజను తాగేది. మాన్పించాను."

ఏడు నెలలు ఆ వ్యాను ఎక్కడా ఆగలేదు. మూడో గేరులోనే మలుపులన్నీ ఎక్కేసేది. వారం వారం అక్క డబ్బా ఖాళీ చేసి, క్లిప్పులు బిగుతు చూసి, ఆ నూనెని షెడ్డు పాతనూనె పీపాలో పోసేది. డ్రైవర్లు ఆవిడకి డబ్బా అక్క అని పేరు పెట్టారు. వెక్కిరింతకే పెట్టారు. అక్క ఆ పేరుకి పలికింది. పలికాక వెక్కిరింతలో పస పోయింది.

అప్పుడే ఇన్‌ఛార్జి కంట పడింది డబ్బా.

ఆయన చెడ్డవాడని నేను అనను. కొన్నేళ్ళ కిందట ఒక డ్రైవరు అంబులెన్సులో సొంతంగా ఫ్యాను బిగించుకుంటే వైర్లు కాలి బండి బూడిదయింది. లోపల ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. శిక్ష పడింది మాత్రం ఆయనకి. ఆ రోజు నుంచీ కంపెనీ ఇచ్చిన ఇంజను బొమ్మలో లేనిది ఏది కనపడినా ఆయనకి ఒళ్ళు మండుతుంది.

"కంపెనీవాళ్ళు పెట్టలేదు, నువ్వెవరు పెట్టడానికి?" అన్నాడు.

"కంపెనీవాళ్ళు కొండ మీద ఆగిపోయిన బండిలో కూర్చోలేదు సార్. నేను కూర్చున్నాను."

"వాదించకు. తీసెయ్."

"పరీక్ష పెట్టండి. తప్పని తేలితే నేనే తీస్తాను. చూడకుండా తీయమంటే తీయను."

"సరే, తాళాలిటివ్వు. తప్పయిందని రాసిచ్చి మళ్ళీ తీసుకో."

అక్క తాళాలు ఆయన బల్ల మీద పెట్టింది. కాగితం అడిగింది. క్షమాపణ అనుకుని ఆయన సంతోషంగా పెన్ను కూడా ఇచ్చాడు. అక్క నిలబడే రాసింది: "డబ్బా నేనే పెట్టాను. ఎందుకు పెట్టానో ఇంజను విప్పితే కనపడుతుంది. బండి ఆగకూడదు కాబట్టి పెట్టాను. తీయను." కింద సంతకం, తారీఖు.

డబ్బా పొడుగు డ్రైవరు చేత విప్పించారు. ఇన్‌ఛార్జి దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. బండి పొడుగాయనకి వెళ్ళింది. అక్కని బళ్ళు కడిగే చోట వేశారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అత్తగారు సణిగిందట. "ఒక ముక్క రాసి పారేస్తే పోయేదేముందే?"

"పోయేదేం లేదత్తయ్యా. వచ్చేదే ఉంది. ఆ తారు మళ్ళీ వస్తుంది."

అత్తగారు గరిటె పక్కన పెట్టింది. "డబ్బా వాడి బీరువాలో ఉందా?"

"ఆఁ."

"నా డబ్బా వాడి బీరువాలో ఎందుకుండాలి? రాయకు."

పదకొండు వారాలు అక్క బళ్ళు కడిగింది. తల వంచుకుని కడిగిందని ఎవరైనా అంటే నమ్మకండి. రబ్బరు బూట్లేసుకుని, గొట్టం భుజాన వేసుకుని, ఎదురొచ్చిన ప్రతి డ్రైవర్నీ నిలదీసేది. "నీ బండి గాలి గొట్టం ఎప్పుడు విప్పి చూశావ్?" ఇన్‌ఛార్జి కనపడితే ఇంకా గట్టిగా అడిగేది. రోజూ పొద్దున ఆయన గది ముందు నిలబడి, "సార్, పరీక్ష ఎప్పుడు?" అనేది. ఆయన దారి మార్చి వెనక గుమ్మంలోంచి రావడం మొదలుపెట్టాడు. ఆవిడ వెనక గుమ్మం దగ్గర నిలబడింది.

ఒకసారి నేనే అన్నాను, "ఎందుకక్కా ఇంత పంతం? చేతులు చూడు, నీళ్ళలో నాని ఎలా అయ్యాయో."

"పంతం కాదు సిస్టరమ్మా, కోపం" అంది. "ఆ రోజు మాస్టారి చెయ్యి పట్టుకున్నాను కదా. మంచుగడ్డలా ఉంది. ఆ చల్లదనం ఈ చేతిలోంచి ఇంకా పోలేదు."

పన్నెండో వారం, మధ్యాహ్నం మూడున్నర. పైకి వెళ్ళే పేషెంట్లని ఎక్కిస్తున్నాం. ముగ్గురు లోపల కూర్చున్నారు. మాస్టారు చేతికర్ర మీద బరువేసి బండి ముందు నిలబడి ఊపిరి తీసుకుంటున్నారు. పొడుగాయన ఇంజను స్టార్ట్ చేసి, పొగ ఎక్కువగా ఉందని ఒకసారి గట్టిగా తొక్కాడు.

ఇంజను ఆ తొక్కుడు దగ్గర ఆగలేదు. ఆయన కాలు తీసేసినా దాని అరుపు పెరుగుతూనే ఉంది. తాళం తిప్పేశాడు, ఆగలేదు. తాళంచెవి ఊడబీకి చేతిలో పట్టుకున్నాడు, ఆగలేదు. తెల్లటి పొగ ఆవరణ అంతా కమ్మేసింది. బండి ఒళ్ళంతా ఊగిపోతోంది. పొడుగాయన తలుపు తీసి కిందకి దూకేశాడు. ఆయన్ని తప్పుపట్టలేను.

"సిస్టరమ్మా, వాళ్ళని దింపు!"

కడిగే చోటు నుంచి అక్క పరుగెత్తుకొస్తోంది. చేతిలో తను కూర్చుని చక్రాలు రుద్దే చెక్కపీట. గేరు వేసి బ్రేకు తొక్కి ఇంజన్ని ఆర్పేయొచ్చని, కానీ ఎదురుగా మాస్టారు ఉన్నారని, బండి ఒక్క గెంతు గెంతితే చాలని ఆవిడ తర్వాత చెప్పింది. బానెట్ ఎత్తింది. గాలి వడపోసే పెట్టె క్లిప్పులు రెండూ బొటనవేళ్ళతో ఎగరగొట్టి, లోపలి కాగితపు ఫిల్టరు లాగి విసిరేసి, ఇంజను గాలి పీల్చే నోటి మీద పీట బోర్లించి ఒంటి బరువంతా దాని మీద వేసింది. పీట టప్‌మని అతుక్కుపోయింది. ఇంజను రెండు క్షణాలు గింజుకుంది. దగ్గింది. చచ్చిపోయింది.

అప్పటికి నేను ముగ్గుర్నీ దింపేశాను. నిశ్శబ్దంలో మాస్టారి గొంతు వినపడింది. "ముప్ఫై ఒక్క సెకన్లు." ఆయన లెక్కపెడుతూ నిలబడ్డారు!

అరుపులు విని సూపరింటెండెంట్ డాక్టరమ్మ మెట్లు దిగి వచ్చేసింది. ఇన్‌ఛార్జి ముందే అందుకున్నాడు. "ఏడు నెలలు ఈవిడ డబ్బా తగిలించి తిప్పింది మేడమ్. ఇంజను అందుకే పాడయింది."

"అబద్ధం" అంది అక్క. పొగకి కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. "నోటితో తేల్చొద్దు మేడమ్. ఇక్కడే విప్పుతాను. అందరూ ఉండగానే."

విప్పింది. ఇంజనుకి వెళ్ళే గాలిని చల్లబరిచే పెట్టె ఒకటి ముందు భాగంలో ఉంటుంది. దాన్ని వంచితే నల్లటి నూనె బకెట్లోకి బడబడా పడింది, లీటరు దాకా. పదకొండు వారాలుగా అక్కడ చేరిన నూనె. గట్టిగా తొక్కేసరికి ఇంజను దాన్ని ఒక్కసారిగా పీల్చుకుంది. డీజిల్ ఆపినా ఆ నూనెనే తాగి పరుగెత్తింది.

"డబ్బా పెడితే ఇంజను లోపల ఒత్తిడి పెరుగుతుందని భయం మేడమ్" అన్నాడు ఇన్‌ఛార్జి, గొంతు తగ్గించి. అది న్యాయమైన ప్రశ్నే.

"పెరుగుతుంది" అంది అక్క. "తప్పుగా చేస్తే. మొదటిసారి నేను తప్పుగానే చేశాను, నూనె చిమ్మింది. ఖాళీ బండిలో చేశాను, మళ్ళీ సరిచేశాను. ఇప్పుడు పెరుగుతుందో లేదో కొలవండి."

ఎలా కొలవాలో మాస్టారు చెప్పారు. నేను సెలైన్ ఎక్కించే సన్నగొట్టం తెచ్చాను. దాన్ని వంకీలా వంచి, కొంచెం నీళ్ళు పోసి, ఒక కొన షెడ్డులో ఉన్న అలాంటిదే ఇంకో వ్యానులో ఆయిల్ పుల్ల గొట్టానికి గాలి పోకుండా బిగించాం. లోపల ఒత్తిడి పెరిగితే నీళ్ళు రెండోవైపు పైకి పోతాయి. ముందు డబ్బా లేకుండా ఇంజను నడిపించి స్కేలు పెట్టి చూశాం. తర్వాత బీరువా తెరిపించి, అత్తగారి డబ్బా తగిలించి చూశాం. తేడా చిటికెనవేలి గోరంత కూడా లేదు. డాక్టరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని రెండుసార్లు చూసింది.

ఇంజను బాగుపడి రావడానికి నెల పట్టింది. నాలుగు వ్యాన్లకీ బజారు డబ్బాలు తెప్పించమని డాక్టరమ్మ రాసింది. తాళాలు అక్క చేతికి తిరిగొచ్చాయి. క్షమాపణ ఎవరూ చెప్పలేదు. పొడుగాయన ఒక్కడే వచ్చి, "విప్పింది నేనే కదక్కా" అన్నాడు. "అవును. ఇప్పుడు బిగించేదీ నువ్వే, రా" అని తన బండి డబ్బా ఆయన చేతే బిగింపించింది.

కథ అయిపోయిందనుకున్నాం. పది రోజులకి నోటీసు బోర్డు మీద ఇన్‌ఛార్జి సంతకంతో కాగితం పడింది. కమిటీ సూచన మేరకు అన్ని వ్యాన్లకూ డబ్బాలు అమర్చబడినవి, వాటిని నెలకొకసారి ఖాళీ చేయవలెను, అని. అక్క పేరు ఎక్కడా లేదు. దాన్ని ఆవిడ పట్టించుకోలేదు. 'నెలకొకసారి' దగ్గర ఆగిపోయింది. పెన్ను తీసి ఆ మాట కొట్టేసి పైన రాసింది: "వారానికొకసారి. చలికాలం అయితే ప్రతి ట్రిప్పుకీ. నిండిన డబ్బా లేని డబ్బా కంటే ప్రమాదం."

ఇన్‌ఛార్జి కాగితం మార్చి కొత్తది అంటించాడు. అక్క మళ్ళీ కొట్టేసింది. మూడో కాగితానికి అద్దాల తలుపు పెట్టించాడు. అక్క అద్దం మీద రాసింది.

డ్రైవర్లందరినీ వరసగా నిలబెట్టి, "ఎవరు రాశారిది?" అని అరిచాడు.

"నా చేతిరాత మీకు తెలుసు కదా సార్. కింద సంతకం కూడా పెట్టాను" అంది అక్క. "నిండా నిండితే ఆ నూనెంతా ఒక్కసారిగా ఇంజన్లోకే పోతుంది. ముప్ఫై ఒక్క సెకన్లు మళ్ళీ చూస్తారా?"

ఆయన అద్దం దగ్గరికెళ్ళి ఆ రాత ఇంకోసారి చదివాడు.  సోమవారం నాలుగో కాగితం పడింది. టైపులో, వారానికొకసారి అని, చలికాలం సంగతితో సహా.

ఇప్పుడు అక్కకి ఉద్యోగం ఇంకా మూడేళ్ళుంది. ఇన్‌ఛార్జి బదిలీ అయ్యాడు. పోయిన నెల కొత్త డ్రైవరు చేరాడు, ముప్ఫై దాటినవాడు, పెద్ద బస్సులు నడిపి వచ్చినవాడు. కొండ వ్యాను తాళాలడిగితే అక్క బానెట్ ఎత్తి, కుళాయి చూపించి, ఖాళీ సీసా అందించింది.

"ఇది మెకానిక్ పని కదండీ" అన్నాడతను.

అక్క తాళాలు జేబులో వేసుకుంది. "ఆ సీట్లలో కూర్చునేవాళ్ళు నీ మాట మీద కొండెక్కుతారు. ముందు కుళాయి విప్పు. చేతులు కడుక్కోవడానికి సబ్బు నేనిస్తాను."

అతను నా వైపు చూశాడు. నేను జాబితాలో పేర్లు సరిచూసుకుంటున్నట్టు తల వంచుకున్నాను. కాసేపటికి అతను చొక్కా చేతులు మడిచి బానెట్ కిందకి వంగాడు.